అటక మీది శ్రుతి సన్నాయి

బాలకోటి కుడి తొడకు వణుకు పట్టుకుంది.

అంటే చలిజ్వరం లాంటి వణుకు కాదు. జేబులో ఫోను మోగినట్టు తొడ గుర్రుమంటుంది. తీసి చూస్తే ఫోను చల్లగా పడి ఉంటుంది. ఒక్కోసారి ఆ జేబులో ఫోనే ఉండదు. ఒకరోజు స్నానం చేస్తుంటే గుర్రుమంది. తడి చేత్తో తొడ తడుముకున్నాడు. అక్కడ ఫోను కాదు గదా, జేబే లేదని గుర్తొచ్చింది. ఎవరూ చూడకపోయినా సిగ్గుపడ్డాడు.

గంజిపాడులో వైద్యులకు కొదవ లేదు. ఆర్‌ఎంపీ డాక్టరు బలానికి సూది వేశాడు. ఆయన దగ్గరున్నది ఆ ఒక్క మందే గనక తలనొప్పికీ తేలుకాటుకీ కూడా అదే వేస్తాడు. వాళ్ళమ్మ తాయెత్తు కట్టించింది. మేళంలో డోలు వాయించే గురవయ్య, "నరం పట్టిందిరా కోటిగా, ఇట్లా రా" అని నువ్వుల నూనె పెట్టి మర్దన చేశాడు. డోలు వాయించే చేతులు కావడంతో తొడ కమిలింది. వణుకు మాత్రం తగ్గలేదు.

బాలకోటి సన్నాయి వాయిస్తాడు. షేక్ సిలారు సాహెబు గారి శిష్యుడు. ఆ గురువు పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ కుర్చీ వేస్తారు. శిష్యుడి పేరు చెబితే మాత్రం ఫోను తీసి చూపిస్తారు. "నాదస్వరం బాలకోటి అఫీషియల్" అని అతనికి ఫోన్లో ఒక చానలుంది. దాన్ని చూసేవాళ్ళు గంజిపాడు జనాభా కంటే చాలా ఎక్కువ. వాళ్ళలో గంజిపాడు వాళ్ళు మాత్రం తక్కువ. పక్కింట్లో ఊరికే వినపడేదాన్ని డేటా ఖర్చు పెట్టుకుని చూడ్డమెందుకని వీళ్ళ లెక్క.

అందులో పెట్టేవన్నీ అర నిమిషం ముక్కలే. అంతకు మించితే జనం వేలితో పక్కకు తోసేస్తారట. ముక్క పెట్టిన దగ్గర్నుంచీ దాని కింద గుండె గుర్తులు ఎన్ని పడ్డాయా అని చూసుకోవడమే బాలకోటి పని. ఎక్కువ పడితే ఇంకా పడలేదేమని బాధ. తక్కువ పడితే అన్నం దిగదు. ఎక్కడో ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద నిలబడి సన్నాయి వాయిస్తే లక్షల మంది చూశారు. ఆ రోజంతా బాలకోటి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు సైకిలెక్కి కాసేపు ప్రయత్నించాడు. ఆ సంగతి వాళ్ళ వీధి వాళ్ళకు తెలుసు గాని, చానల్లో పెట్టలేదు.

తొడ సంగతి ఎట్లా ఉన్నా, అసలు జబ్బు రాగానికి పట్టింది. తోడి రాగం ఎత్తుకుంటే అర నిమిషం అయ్యేసరికి దానంతటదే ముగింపుకొచ్చేస్తుంది. అతను ఆపాలనుకోడు. వేళ్ళు ఆగుతాయి. తల పైకి లేస్తుంది. కళ్ళు ఎవరినో వెతుకుతాయి. మళ్ళీ ఎత్తుకుంటే మళ్ళీ అంతే. ఇంటి ముందు నిలబడి ఇంజను ఆగిపోతూ ఉండే ఆటోలాగా.

ఒకప్పుడు ఇట్లా కాదు. చిన్నప్పుడు బాలకోటి తెల్లవారుతూనే సాహెబు గారి వసారాలో ఉండేవాడు. ఆ వసారా వాసన ఇప్పటికీ అతనికి తెలుసు. నోట పెట్టి ఊదడానికి నానబెట్టిన సన్నాయి పీకల వాసన, మేక వాసన, లోపల సాహెబు గారి భార్య ఖాసింబీ కాస్తున్న టీ వాసన. ఎండ మేక కట్టేసిన గుంజ దగ్గర మొదలై గోడ దాకా పాకేది. అప్పటికీ అతను ఒకే రాగంలో తిరుగుతూ ఉండేవాడు. బడి సంగతి గుర్తుండేది కాదు. పంతులు గారు బెత్తం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, కాసేపు విందామని అరుగు మీద కూర్చుని, తనూ బడి సంగతి మరిచిపోయేవాడు. ఆ పంతులుకు తర్వాత ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కూడా కప్పారు.

ఆ పిల్లవాడు ఎటుపోయాడో బాలకోటికి తెలియడం లేదు. దారిలో ఎక్కడైనా ఎదురైతే కాళ్ళు పట్టుకుని తెచ్చుకునేవాడు.

ఫోను మానాలని చూడకపోలేదు. దాన్ని బియ్యం డబ్బాలో దాచాడు. పూటపూటకూ బియ్యం కొలవడానికి వాళ్ళమ్మ కంటే ముందు తనే వెళ్ళేవాడు. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో అన్నం వేళ కాకముందే ఉడికింది. తర్వాత, దాచమని వాళ్ళమ్మ చేతికే ఇచ్చాడు. ఆమె అందులో వంకాయ కూరలు చూడ్డం మొదలుపెట్టింది. ఆ ఇంటి వంకాయ కూర ఏమీ మారలేదు. చూడ్డం మాత్రం ఆమె మానలేదు.

ఇంతలో యలమందయ్య గారి తమ్ముడి కూతురి పెళ్ళి వచ్చింది.

యలమందయ్య రామాలయం కమిటీకి ప్రెసిడెంటు. గుడికి కరెంటుతో నడిచే మేళం మిషను కొన్నదాయనే. మీట నొక్కితే దానికదే డోలు కొట్టి గంటలు మోగిస్తుంది. హారతి ఎవరు పట్టినా దాని కొట్టుడు ఒకటే. దేవుడికి నచ్చిందో లేదో గాని, యలమందయ్యకు నచ్చింది. జీతం అడగదు.

పెళ్ళిలో సాహెబు గారి బదులు బాలకోటి వాయించాడు. పోయిన వానాకాలంలో సాహెబు గారి ముందుపళ్ళు రాలిపోయాయి. కట్టుడు పళ్ళు వచ్చాయి గాని, వాటితో పీక పట్టుకుంటే రాగం పలకదు. అందుకని మేళం శిష్యుడి చేతికొచ్చింది.

బాలకోటి ఎదురుగా చాప మీద ఫోను పెట్టుకున్నాడు. వెనక ఆగకుండా మోగాల్సిన శ్రుతి ఇప్పుడు ఫోన్లోనే వస్తుంది గదా. పక్కన గురవయ్య డోలు. గురవయ్యకు ఒక చెవి సరిగా వినపడదు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అని కేకేసినా ఆయనకు అందదు. అందుకని సన్నాయి వాయించేవాడు చెయ్యెత్తితే డోలు వాయించడం అలవాటు చేసుకున్నాడు. సాహెబు గారితో ఇన్నేళ్ళూ అట్లాగే జరిగింది.

ఇంకా వధూవరుల మధ్య తెర కూడా దించలేదు. పురోహితుడు నిదానంగా మంత్రాలు చదువుతున్నాడు. బాలకోటి తొడ గుర్రుమంది.

ఫోను ఎదురుగానే ఉంది. జేబు ఖాళీ. ఆ సంగతి కళ్ళకు తెలుసు గాని చేతికి తెలియలేదు. వాయిస్తున్న చెయ్యి సన్నాయిని వదిలి జేబు తడిమింది. ఏమీ దొరక్క గాల్లోకి లేచింది.

గురవయ్య చూశాడు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గట్టిమేళం వాయించాడు.

పందిట్లో ఉన్నవాళ్ళంతా లేచి అక్షింతలు కురిపించారు. అవి తెర మీద పడి జారిపోయాయి. పెళ్ళికొడుకు, తన పని ఆలస్యమైందనుకుని, పళ్ళెంలోని మంగళసూత్రం లాక్కుని తెర మీదుగా అవతలికి చేతులు చాచాడు. "ఆగవయ్యా బాబూ, ఇంకా చాలా ఉంది!" అని పురోహితుడు పంచె పట్టుకుని లాగాడు. ఫొటోగ్రాఫరు మాత్రం, "బాగా వచ్చింది సార్, ఇంకోసారి" అన్నాడు. అసలు ముహూర్తానికి అక్షింతలు మిగల్లేదు. వంటవాళ్ళ దగ్గర్నుంచి బియ్యం తెచ్చి, పసుపు కలిపే వ్యవధి లేక, తెల్లగానే చల్లారు.

భోజనాలయ్యాక యలమందయ్య, జనం అంతా వినేట్టు అన్నాడు.

"శ్రీరామనవమికి మేళం అక్కర్లేదులే గురవయ్యా. మనకు మిషనుంది. సన్నాయికి పెన్‌డ్రైవుంది. అది జేబు తడుముకోదు."

గంజిపాడు రాముడి పెళ్ళికి సాహెబు గారి తాత నాటి నుంచీ వాళ్ళింటి సన్నాయే. నమాజుకు వెళ్ళే కాళ్ళతోనే గుడికీ వచ్చేవారు. అందులో వింత ఉందని ఆ ఊళ్ళో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు అది బాలకోటి చేతిలో తెగిపోతోంది.

అతను సాహెబు గారి వసారాలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన మంచం మీద కూర్చుని చాకుతో ఒక పాత పీకను గీరుతున్నారు.

"కూర్చో. పెళ్ళి భోజనం బాగుందటగా. గురవయ్య చెప్పాడు."

"గురువుగారూ, నాకేదో అయింది. తిట్టండి. ఫోను పగలగొట్టమంటే పగలగొడతాను."

"ఎంత పెట్టి కొన్నావు?"

బాలకోటి చెప్పాడు.

"వద్దులే," అన్నారు సాహెబు గారు. "వాయించు."

బాలకోటి ఫోన్లో శ్రుతి పెట్టుకుని తోడి ఎత్తుకున్నాడు. అర నిమిషంలో వేళ్ళు ఆగాయి. తల లేచింది.

"ఎంత దూరం వెళ్ళావు?"

"గడప దాటలేదు గురువుగారూ."

"ఏం?"

బాలకోటి సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చిన్నపిల్లవాడిలా అన్నాడు. "భయమేస్తుంది. నేను అటు వెళితే ఇక్కడ ఏదో జరిగిపోతుందని. అందరూ వచ్చి, నేను లేనని వెళ్ళిపోతారని."

సాహెబు గారు పీక గీరడం ఆపారు. వంగి, చాప మీది ఫోను దగ్గర చెవి పెట్టారు. అందులో శ్రుతి మోగుతూనే ఉంది.

"బాగానే ఉంది. పాపం, ఊపిరి మాత్రం తీసుకోదు," అన్నారు.

అంతలో ఫోను టింగుమంది. ఎవరో గుండె గుర్తు వేశారు. ఆ టింగుమన్నంతసేపూ శ్రుతి తగ్గిపోయి, మళ్ళీ వచ్చింది.

"దీనికీ వేరే పనులున్నట్టున్నాయి," అన్నారాయన. "నవమికి దీన్ని ఇంట్లో పెట్టి రా."

"నవమికి మనల్ని వద్దన్నారు గదండీ."

"యలమంద మాటకేం గాని, నేను కనుక్కుంటాలే."

"మరి శ్రుతి?"

"అదీ నేనే చూసుకుంటాలే. వెళ్ళు. వెళ్ళేముందు ఆ నిచ్చెన అటక కింద వేసిపో."

నిచ్చెన ఎందుకో బాలకోటి అడగలేదు. తిట్టనందుకు అతనికి ఏడుపొస్తోంది.

ఆ వారమే అచ్చమ్మ ఇంటి నీళ్ళ మోటారు పాడైంది.

అచ్చమ్మ సాహెబు గారి పక్కింటావిడ. పొద్దున్నే మొదలయ్యేది చప్పుడు. బూ అని ఒకటే కూత. కాసేపు మోగి, దగ్గినట్టు ఆగి, మళ్ళీ మొదలు. మోటారు మెకానిక్కు వచ్చి అంతా విప్పి, తీగ కొత్తగా చుట్టి బిగించాడు. చప్పుడు తగ్గలేదు సరిగదా, ఇంకా పొడుగైంది. ఇప్పుడు దగ్గు కూడా లేదు. "మోటారు ఆపినా మోగుతోందిరా నాయనా!" అని ఆమె మొత్తుకుంటే, కరెంటు లోపల నిలవ ఉండి ఉంటుందని చెప్పి మెకానిక్కు డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వీధిన వెళ్ళేటప్పుడు బాలకోటికీ ఆ కూత వినపడింది. తల ఎత్తి చూసేవాడే గాని, అప్పుడు చేతిలో ఫోనుంది.

సాహెబు గారు యలమందయ్యతో ఏం మాట్లాడారో ఎవరికీ తెలియదు. తెలియదంటే, ఇద్దరు ముగ్గురికి మూడు నాలుగు రకాలుగా తెలుసు. చివరికి కుదిరిన మాట మాత్రం ఇది. బాలకోటి వాయిస్తాడు. ఆగిపోతే, అక్కడికక్కడే యలమందయ్య మిషను మీట నొక్కుతాడు. ఇక ఏ ఏడాదీ మేళం ఉండదు.

నవమి నాడు గుడి ముందు తాటాకు పందిరి, పానకం బిందెలు, వడపప్పు. బాలకోటి ఫోను ఇంట్లో పెట్టి వచ్చాడు. చాప మీద ఎదురుగా ఖాళీ.

"బాబాయ్, శ్రుతి పెట్టె తెచ్చారా?" అని గురవయ్యను అడిగాడు.

"ఏంటీ? పొట్టలో తిప్పుతోందా?" అన్నాడు గురవయ్య.

పందిట్లో అలికిడైంది. తెల్లలాల్చీ, తెల్లపంచెతో సాహెబు గారు వస్తున్నారు. చంకలో పాత గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు. ముందు వరసలో ఆయనకని కుర్చీ వేసి ఉంది. ఆయన అటు చూడలేదు. చాప మీదికొచ్చి, బాలకోటి వెనక కూర్చున్నారు.

మేళంలో ఆ చోటు అందరికంటే చిన్న శిష్యుడిది. గుడ్డ విప్పితే, ఇన్నేళ్ళూ అటక మీదున్న శ్రుతి సన్నాయి బయటపడింది. వేళ్ళు పెట్టి రాగం వాయించడానికి దానికి రంధ్రాలుండవు. ఒకటే స్వరం. ముందువాడు వాయించినంతసేపూ వెనకవాడు ఆ ఒక్క స్వరాన్ని తెగకుండా ఊదాలి. సాహెబు గారు చిన్నతనమంతా వాళ్ళ నాన్న వెనక కూర్చుని అదే ఊదారు. నాన్న వీపు చూసి రాగాలు నేర్చుకున్నానని చెప్పేవారు. బాలకోటి నేర్చుకునే నాటికి కరెంటు శ్రుతి పెట్టె వచ్చింది, తర్వాత అది ఫోన్లోకి దూరింది. అందుకని బాలకోటి ఎప్పుడూ ఎవరి వెనకా కూర్చోలేదు.

"గురువుగారూ, మీరు ఇక్కడ..." అని లేవబోయాడు.

"ముందుకు చూడు," అన్నారు సాహెబు గారు.

కట్టుడు పళ్ళు తీసి చేతిరుమాల్లో మూటగట్టారు. రాగానికి పళ్ళు కావాలి. శ్రుతికి పెదవులు చాలు. మూట ఎక్కడ పెట్టాలా అని చూసి, మిషను పక్కన మీట మీద వేలు పెట్టుకుని నిలబడ్డ యలమందయ్యకు అందించారు.

"కాస్త పట్టుకో నాయనా. జాగ్రత్త."

పెద్దాయన పళ్ళు. యలమందయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. మీట నొక్కడానికి మూడో చెయ్యి లేదు.

శ్రుతి మొదలైంది.

"ఓసినీ! మా మోటారు!" అంది ఆడవాళ్ళలోంచి అచ్చమ్మ.

బాలకోటి తోడి ఎత్తుకున్నాడు. నాలుగు స్వరాలు నడిచాడు. ఎప్పటి చోటికే వచ్చాడు. తొడ గుర్రుమంది. వేళ్ళు ఆగాయి. తల లేచింది. కళ్ళు వెతికాయి. పందిట్లో అందరూ తననే చూస్తున్నారు. యలమందయ్య మెడ చాచాడు.

శ్రుతి ఆగలేదు.

వెనక, చెవికి దగ్గరగా, ముక్కుతో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినపడింది. ముసలి ఊపిరి. బుగ్గల్లో నిలిపిన గాలితో స్వరం సాగుతుండగానే ముక్కుతో కొత్త గాలి లోపలికి వెళుతోంది. మెడ మీద వెచ్చగా తగిలింది. మళ్ళీ ఒకసారి. తను వాయించని ఈ కాసేపూ ఆ ఊపిరి తన కోసమే ఖర్చవుతోందని బాలకోటికి తెలిసింది.

అతను సన్నాయి ఎత్తాడు.

ఈసారి అర నిమిషం ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. రాగం మెల్లగా మెట్లు దిగింది. ఒక మలుపు తిరిగింది. దారి తెలియని చోటికి వెళ్ళింది. భయమేసినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి విన్నాడు. వెనక ఆ స్వరం ఉంది. ఇంకొంచెం దూరం వెళ్ళాడు. మళ్ళీ విన్నాడు. ఉంది. తర్వాత ఆగి వినడం మానేశాడు. ఎక్కడో నానబెట్టిన పీకల వాసన, మేక వాసన, టీ వాసన వచ్చాయి. ఎండ గుంజ దగ్గర్నుంచి గోడకు పాకుతోంది. అరుగు మీద ఎవరో పిల్లవాడు, బడి సంగతి గుర్తులేనివాడు, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ముందు వరసలో రిటైరైన పంతులు కళ్ళు తుడుచుకున్నాడు. పానకంలో మిరియం ఘాటెక్కువైందని పక్కవాడితో చెప్పాడు.

పురోహితుడు మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాడు. బాలకోటి వాయిస్తూనే చూశాడు. అంతా చూసి, సరిగ్గా అప్పుడు చెయ్యెత్తాడు. గురవయ్య గట్టిమేళం వాయించాడు. ఈసారి అక్షింతలు పడాల్సినవాళ్ళ మీదే పడ్డాయి. సీతమ్మ మెడలో తాళి పడింది. యలమందయ్య కూడా అక్షింతలు వేయబోయి, చేతుల్లో ఏముందో గుర్తొచ్చి ఆగిపోయాడు.

జనం వడపప్పు కోసం బయల్దేరారు. బాలకోటి వెనక్కి తిరిగాడు. సాహెబు గారి పెదవులు వాచాయి. శ్రుతి సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, ఊరికే ఊపిరి పీలుస్తున్నారు. లాల్చీ తడిసిపోయింది.

బాలకోటి ఆయన పాదాలు ముట్టుకున్నాడు. నోటికొచ్చింది అడిగాడు.

"అంతసేపు ఒకటే స్వరం... విసుగనిపించలేదా గురువుగారూ?"

పళ్ళు లేని నోటితో సాహెబు గారు నవ్వారు.

"నువ్వు తిరిగి ఎప్పుడొస్తావో తెలియదు గదా. ఇంట్లో ఎవరో ఒకళ్ళు ఉండాలి."

ఆ సాయంత్రం బాలకోటి శ్రుతి సన్నాయిని తుడిచి, గుడ్డలో చుట్టి, సాహెబు గారింటికి తెచ్చాడు. నిచ్చెన ఇంకా అటక కిందే ఉంది. దాన్ని తీసి పెరట్లో ఆనించి వచ్చాడు. సన్నాయిని మాత్రం వసారాలో, ఆయన మంచం పక్కన, చేతికందేట్టు పెట్టాడు.

మర్నాడు తెల్లవారుతూనే అచ్చమ్మ ఇంటి మోటారు మళ్ళీ మోగింది. కాసేపు మోగి, దగ్గి, ఆగి, మళ్ళీ మొదలైంది. బాలకోటి ఊపిరికి అది కొత్తని వింటేనే తెలుస్తోంది.

అచ్చమ్మ మెకానిక్కును పిలవలేదు. పొయ్యి వెలిగించి, వింటూ కూర్చుంది.